బస్తీకి మేలు చేసినవాళ్లను పదిలంగా గుర్తుపెట్టుకోవడం ఎలా: తొలి ప్రశ్న నుంచి గోడమీది బోర్డు దాకా

నల్లా లైను కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన అమ్మ, ఫీజు తీసుకోకుండా లెక్కలు చెప్పిన సారు, అర్ధరాత్రి తలుపు కొట్టినా లేచి వచ్చి సూది వేసిన కాంపౌండరు, ఎవరింట్లో చావు జరిగినా ముందు నిలబడి పాడె కట్టించిన కాకా. హైదరాబాద్‌లో ఏ బస్తీలో అడిగినా ఇలాంటివాళ్లు నలుగురైనా తేలతారు. వాళ్లు పోయినప్పుడు చౌరస్తాలో ఒక ఫ్లెక్సీ కడతారు. పెద్దకర్మ అయ్యేసరికి ఆ ఫ్లెక్సీ ఏ కూరగాయల బండి మీదో ఎండకు అడ్డంగా కనిపిస్తుంది. పదేళ్లు గడిస్తే వాళ్ల చలవతో పైకొచ్చిన పిల్లలు కొంపల్లికో నల్లగండ్లకో మారిపోతారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్లకు ఆ పేరు కూడా తెలియదు.

ఈ మరపును ఆపడం కష్టమేమీ కాదు. నలుగురు మనుషులు, ఒక ఫోను, ఒక నోట్‌బుక్, మూడు నాలుగు నెలల ఆదివారాలు ఉంటే చాలు. కాకపోతే వరస తప్పకూడదు. చాలామంది విగ్రహంతోనో బోర్డుతోనో మొదలుపెట్టి, దాని మీద ఏం రాయాలో తెలియక 'మహనీయుడు' అని రాసి వదిలేస్తారు. నేను చెప్పేది తిరగేసిన వరస. ముందు పని, తర్వాత ఆ పని చేసిన మనిషి, గౌరవం అన్నిటికంటే చివర.

మొదటి మెట్టు: పనుల జాబితా

'ఇక్కడ సేవ చేసిన పెద్దలెవరు?' అని అడిగి చూడండి. ఒకప్పుడు కార్పొరేటర్‌గా చేసినాయన, గుడి కమిటీ అధ్యక్షుడు, మసీదు కమిటీ పెద్ద, నాలుగిళ్లున్న ఆసామి. దాదాపు ఎక్కడైనా ఈ పేర్లే వస్తాయి. వాళ్లలో నిజంగా మేలు చేసినవాళ్లు ఉండొచ్చు. కానీ ఆ ప్రశ్నకు పేరున్నవాళ్లే జవాబుగా వస్తారు, పేరులేని వాళ్లు రారు.

అందుకే ప్రశ్న మార్చాలి. గల్లీలోకి మొదటి నల్లా ఎప్పుడొచ్చింది, దానికోసం ఎవరు తిరిగారు? పట్టాల కోసం పెట్టుకున్న అర్జీ ఎవరి చేతిరాత? బడి గదికి జాగా ఎవరు వదిలారు? ఆంబులెన్సులు లేని రోజుల్లో కాన్పు నొప్పులొస్తే ఎవరి ఆటో ఎక్కేవారు? అంతకుముందు కాన్పులు చేసిన మంత్రసాని ఎవరు? 2020 లాక్‌డౌన్‌లో వంట ఎవరి వాకిట్లో జరిగింది? అదే ఏడాది అక్టోబర్ వరదల్లో నాలా పక్క ఇళ్లలోంచి ముసలివాళ్లను ఎవరు మోసుకొచ్చారు? ఇలా అడిగితే ఏ ఫ్లెక్సీ మీదా కనిపించని పేర్లు బయటికొస్తాయి. పాకీ పని చేసినవాళ్లు, మయ్యత్‌కు గుసుల్ (శవానికి ఆఖరి స్నానం) చేయించినవాళ్లు, చాకిరేవు దగ్గర గొడవలు తీర్చినవాళ్లు, స్కూల్లో ఆయాగా చేస్తూ పిల్లలకు తన డబ్బాలోంచి పెట్టినవాళ్లు.

నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు గీయండి: పని ఏమిటి, సుమారుగా ఎప్పుడు, ఎవరు చెప్పారు, ఇంకా ఎవరికి తెలుసు. ఆ చివరి గడి చాలా ముఖ్యం. మీరు తర్వాత వెళ్లాల్సిన ఇల్లు అదే చెబుతుంది.

ఈ పద్ధతికి ఈ నగరంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాట వచ్చినప్పుడు, గోలకొండ పత్రిక నడుపుతున్న సురవరం ప్రతాపరెడ్డి దానికి వ్యాసం రాసి ఊరుకోలేదు. 354 మంది కవుల వివరాలు, పద్యాలు సేకరించి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. లేరన్న మాటకు జాబితాను మించిన జవాబు లేదు. మీ గల్లీ జాబితాలో పన్నెండు పేర్లే ఉన్నా దాని బలం దానికి ఉంటుంది.

ఇక్కడే ఇంకొకటి గమనించాలి. మగవాళ్ల పేరు పక్కన వాళ్ల ఇంటి ఆడవాళ్ల పని మునిగిపోతుంది. 1901 సెప్టెంబర్ 1న మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం చరిత్రలో రావిచెట్టు రంగారావు పేరు అందరూ చెబుతారు. ఆయన ఇంట్లోనే ఆ గ్రంథాలయం పుట్టింది. ఆయన పోయిన తర్వాత దానికి విరాళమిచ్చి అండగా నిలిచిన ఆయన భార్య లక్ష్మీనరసమ్మను తలిచేవాళ్లు తక్కువ. మీ బస్తీలోనూ 'సారు ఇంట్లో రోజూ పదిమంది పిల్లలు తినేవాళ్లు' అని ఎవరైనా అంటే, వండింది ఎవరని వెంటనే అడగండి.

రెండో మెట్టు: ఇంటివాళ్లతో మాట

పోయినవాళ్ల గురించి మీరు రాయబోతున్నారని ముందు ఇంటివాళ్లకు తెలియాలి. పది రోజుల్లోపు వెళ్లకండి. దుఃఖం పచ్చిగా ఉన్నప్పుడు ఫోను ముందు పెట్టి మాట్లాడమనడం తప్పు. పెద్దకర్మ లేదా చాలీస్వాఁ (ముస్లిం ఇళ్లలో నలభయ్యో రోజు) అయ్యాక, ఆ ఇంటికి రాకపోకలున్న ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లండి.

మూడు సంగతులు అడిగి కాగితం మీద రాయించుకోవాలి. ఫొటో వాడుకోవచ్చా? మాటలు రికార్డు చేసి నలుగురికీ వినిపించవచ్చా? ఏ సంగతి బయటికి రాకూడదు? ఆ మూడోది అడగడం చాలామంది మరిచిపోతారు. జబ్బు, అప్పు, ఆస్తి తగాదా, రెండో పెళ్లి లాంటివి మీ పనికి అవసరం లేకపోతే వదిలేయండి. ఇంట్లో అన్నదమ్ములకు పడకపోతే ఇద్దరి దగ్గరా విడివిడిగా మాట తీసుకోండి. లేకపోతే సభ రోజు గొడవ అవుతుంది.

పద్ధతుల సంగతి కూడా ఇప్పుడే అడగాలి. కొందరి ఇళ్లలో ఫొటోకు దండ వేసి దీపం పెట్టడం గౌరవం. చాలా ముస్లిం ఇళ్లలో అది నచ్చదు. క్రైస్తవ ఇళ్లలో ముందు ప్రార్థన జరగాలంటారు. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

మూడో మెట్టు: మాట్లాడించడం

మొత్తం పనిలో ప్రాణం ఇక్కడ ఉంది. దీనికి ఎంత సమయం పెడితే అంత లాభం.

ముందు ఎనభై దాటినవాళ్ల దగ్గరికి వెళ్లండి, వయసు దిగుతూ రండి. మధ్యాహ్నం భోజనం అయి, సీరియల్స్ ఇంకా మొదలవని వేళ మంచిది. ఇద్దరు వెళ్లండి, ఒకరు మాట్లాడటానికి, ఒకరు రాసుకోవడానికి. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, మధ్యలో కాల్ వస్తే రికార్డింగ్ తెగిపోతుంది. మడతపెట్టిన తువ్వాలు మీద, మాట్లాడేవాళ్లకు మూరెడు దూరంలో ఫోను ఉంచితే బల్ల చప్పుడు పడదు. ఫ్యాను ఆపితే ఉక్క పోస్తుంది, కాబట్టి ఆపకుండా ఫోనునే గాలికి దూరంగా జరపండి. బోరు మోటారు వేసినా, కుక్కర్ కూత పెట్టినా, అజాన్ వినిపించినా కాసేపు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. ముందుగా పావు నిమిషం రికార్డు చేసి విని చూసుకోవాలి. రికార్డింగ్ మొదట్లో తేదీ, గల్లీ పేరు, మాట్లాడేవాళ్ల పేరు మీరే చెప్పండి.

'ఆయన ఎలాంటివారు?' అని అడిగితే 'దేవుడు' అంటారు. అక్కడితో ఆగిపోతుంది. 'మొదటిసారి ఎక్కడ చూశారు? ఆ రోజు ఏం జరిగింది?' అని అడగండి. అప్పుడు మాట ఇలా కదులుతుంది: 'అప్పట్ల మాకు నల్లా యాడిది బిడ్డా? చౌరస్తా కాడ బోరింగే దిక్కు. రాత్రిపూట బిందెలు లైన్ల పెట్టి ఆడనే కూసుంటుంటిమి.' ఇక ఆపకండి. బిందెల వరస ఎంత పొడుగుండేది, ఎవరు ముందు పట్టుకునేవారు, కొట్లాటలు ఎవరు ఆపేవారు, ఆఫీసుకు పోయినప్పుడు ఎవరెవరు వెంట వెళ్లారు, బస్సు టికెట్లకు డబ్బులు ఎవరు పెట్టారు. చిన్న వివరం అడిగితే పెద్ద సంగతి దానంతట అదే వస్తుంది.

తేదీలు ఎవరికీ గుర్తుండవు. 'ఏ సంవత్సరం?' అని గుచ్చి గుచ్చి అడిగితే పెద్దవాళ్లకు టెన్షన్ వచ్చి ఏదో ఒక అంకె చెప్పేస్తారు, అదే చివరికి బోర్డెక్కుతుంది. అందరికీ గుర్తుండే సంఘటనల మధ్య పెట్టి అడగాలి. స్కైలాబ్ పడుతుందని ఊరంతా భయపడ్డప్పటికే ఆ బడి ఉందా? అది 1979 జూలై. బుద్ధుడి విగ్రహం హుస్సేన్‌సాగర్‌లో మునిగినప్పుడు ఆ సారు ఇక్కడే ఉండేవారా? అది 1990 మార్చి. దాన్ని బయటికి తీసి నిలబెట్టింది 1992లో. 2000 ఆగస్టు వరదలకు ముందా తర్వాతా? మెట్రో రాకముందా? అంటే 2017 నవంబర్‌కు ముందా? పాతవాళ్లను 1969 తెలంగాణ ఉద్యమం, ఎన్టీఆర్ గెలిచిన 1983 ఎన్నికలు చెప్పి అడగవచ్చు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లకు 1977 దివిసీమ ఉప్పెన గుర్తుంటుంది. ఆడవాళ్ల దగ్గర ఇంకా తేలిక లెక్క ఉంటుంది: పెద్దోడు కడుపులో ఉన్నప్పుడా, చిన్నదాన్ని బడిలో వేశాకా? ఆ పిల్లల పుట్టిన తేదీ సర్టిఫికెట్‌లో ఉంటుంది కాబట్టి సంవత్సరం దొరికిపోతుంది.

భాష సంగతి. మన బస్తీల్లో తెలుగు, దక్కనీ ఉర్దూ, మరాఠీ, కన్నడ, మార్వాడీ, లంబాడీ అన్నీ వినిపిస్తాయి. ఎవరి మాట వాళ్ల భాషలోనే రికార్డు చేయండి. దక్కనీలో చెప్పేవాళ్లను తెలుగులో చెప్పమంటే వాళ్ల మాటలో సగం జీవం పోతుంది. కాగితం మీదికి ఎక్కించేటప్పుడు కూడా 'ఉండె', 'వస్తుండె'లను దిద్దకండి. వివరణ రాసేది మీ భాషలో, వాళ్లు చెప్పింది వాళ్ల యాసలో.

ఎదురుగా కూర్చున్న మనిషికి ఏడుపు వస్తే రికార్డింగ్ ఆపండి. అడిగి కాదు, వెంటనే. మంచినీళ్లు ఇచ్చి, వేరే మాట మాట్లాడి, వాళ్లు సరేనంటేనే మళ్లీ మొదలుపెట్టండి.

నాలుగో మెట్టు: కాగితాలు, ఫొటోలు

మనుషులు పొరపడతారు, అందుకే కాగితం తోడు కావాలి. స్టీలు బీరువాల్లో, దీవాన్ కింద, పాత సూట్‌కేసుల్లో ఉంటాయి ఇవన్నీ: నల్లా బిల్లులు, చందా రసీదు పుస్తకాలు, అర్జీల కార్బన్ కాపీలు, బడి వార్షికోత్సవం ఆహ్వాన పత్రికలు, సంఘం మినిట్స్ పుస్తకం, ఆఫీసులవాళ్లు వేసిన రబ్బరు స్టాంపు. పెళ్లి ఆల్బమ్‌లను కూడా చూడండి. బస్తీ మనుషులంతా ఒకేచోట కనిపించేది పెళ్లి ఫొటోల్లోనే. వెనకాల నిలబడి వడ్డిస్తున్న మనిషే మీరు వెతుకుతున్నవారు కావచ్చు.

ఒరిజినల్ తీసుకుపోకండి. వాళ్ల ఇంట్లోనే, వాళ్ల కళ్లముందే స్కాన్ చేయండి. స్కాన్ ఎంత స్పష్టంగా రావాలో చెప్పే డీపీఐ అంకెను రాతకోతల కాగితాలకు 300, ఫొటోలకు 600 పెట్టండి. స్కానర్ లేకపోతే కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోనును నిటారుగా పైనుంచి పట్టుకుని తీయండి. ఫొటో వెనకవైపు కూడా తీయాలి. స్టూడియో ముద్ర, పెన్సిల్‌తో రాసిన తేదీ అక్కడే ఉంటాయి. ప్లాస్టిక్ పొర కింద అతుక్కుపోయిన ఫొటోలను లాగితే ముఖం ఊడి పొరకే అంటుకుంటుంది. పొర మీదనుంచే తీయండి. ఆ తర్వాత ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఎడమనుంచి కుడికి ఎవరెవరో పేర్లు రాయించుకోండి. ఈ ఒక్క పని చేసినా మీరు ఆ ఇంటికి పెద్ద మేలు చేసినట్టే. ఆ పేర్లు చెప్పగలిగేవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు.

బయట వెతకాల్సిన చోట్లు కొన్ని. పాత పేపర్ల కోసం అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం. నిజాం కాలం నాటి ప్రభుత్వ కాగితాల కోసం తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్, అంటే పాత ప్రభుత్వ పత్రాలు దాచే చోటు. ఏ సంవత్సరం, ఏ నెల అన్నది ముందే తెలుసుకుని వెళ్లండి. ఊరికే 'మా బస్తీ గురించి' అంటే అక్కడివాళ్లు సాయం చేయాలన్నా చేయలేరు.

నల్లా లైను, రోడ్డు, కమ్యూనిటీ హాలు లాంటివి ప్రభుత్వ శాఖ ద్వారా వచ్చినవైతే సమాచార హక్కు చట్టం కింద ఫైలు అడగవచ్చు. ఫీజు 10 రూపాయలు, జవాబు ఇవ్వాల్సిన గడువు 30 రోజులు. ప్రశ్న ఒక్కటే, సూటిగా ఉండాలి: ఫలానా వార్డులో ఫలానా గల్లీకి మంజూరైన పని, మంజూరు తేదీ, దానికి ఆధారమైన అర్జీ నకలు. జలమండలి ఏర్పడింది 1989లో. అంతకుముందు వేసిన లైన్ల కాగితం దొరకడం కష్టం, దానికి మనుషుల మాటే ఆధారం అవుతుంది.

ఐదో మెట్టు: సరిచూసుకోవడం

ఒక సంగతిని రాయాలంటే ఒకరికొకరు సంబంధం లేని ఇద్దరు చెప్పాలి, లేదా ఒకరి మాటకు ఒక కాగితం తోడుండాలి. అన్నదమ్ములిద్దరు చెబితే అది ఒక్క సాక్ష్యమే. మాటలు కలవకపోతే రెండూ రాసి, ఎవరు ఏమన్నారో చెప్పండి. గొప్ప కోసం పెరిగిన అంకెల విషయంలో గట్టిగా ఉండండి. 'వెయ్యిమందికి చదువు చెప్పారు' అని అందరూ అంటారు. రోజుకు ఎంతమంది కూర్చునేవారు, ఎన్నేళ్లు చెప్పారు అని అడిగితే అసలు సంగతి తేలుతుంది. వందమందే అయినా ఆ మనిషి గొప్పతనం తగ్గదు, పైగా ఆ వందమందిని పేరుపేరునా చూపించవచ్చు.

నచ్చని సంగతులూ వస్తాయి. సాయం చేశారు గానీ ఒక కులం పిల్లలను అరుగు కిందే కూర్చోబెట్టారు అని ఎవరో చెబుతారు. దాన్ని విననట్టు పోవద్దు. అవతలి గల్లీలోకి వెళ్లి, ఆ పిల్లలుగా ఉన్నవాళ్లనే అడగండి. నిజమని తేలితే అదీ రాయాలి, లేదంటే ఆ పేరుతో పెద్ద గౌరవం తలపెట్టే ముందు మీ గుంపంతా కూర్చుని మాట్లాడుకోవాలి. బస్తీ అంటే ఒకే గల్లీ కాదు.

ఆరో మెట్టు: రాయడం

మనిషికి ఒక పేజీ చాలు, నాలుగైదు వందల మాటలు. 'వారి సేవలు చిరస్మరణీయం, వారు లేని లోటు తీరనిది' అన్న వాక్యాలు ఏ మనిషికైనా అతుకుతాయి, అందుకే ఏ మనిషికీ చెందవు. అలాంటిచోట ఇలా రాసి చూడండి (ఇది నేను నమూనాకు రాసింది): 'సాయంత్రం ఆరింటికి తన ఇంటి మెట్ల మీద పిల్లల్ని కూర్చోబెట్టి లెక్కలు చెప్పేవారు. ఫీజు లేదు. పలకలు తెచ్చుకోనివాళ్లకు బొగ్గుతో గచ్చు మీదే రాయించేవారు. పదో తరగతి తప్పినవాడు నాలుగు రోజులు కనబడకపోతే వాళ్ల ఇంటికి వెళ్లి పిలుచుకొచ్చేవారు.' ఇందులో ఒక్క పొగడ్త మాట లేదు. చదివినవాళ్లకు మనిషి కళ్లముందు కనబడతారు.

పెద్ద పేర్లకూ ఇదే వర్తిస్తుంది. భాగ్యరెడ్డి వర్మను సంఘ సంస్కర్త అని ఊరుకుంటే కొత్త పిల్లలకు ఏం తెలుస్తుంది? 1906లో జగన్మిత్ర మండలి పెట్టారని, చదువు అందని దళిత పిల్లల కోసం ఈ నగరంలోనే బడులు నడిపారని చెప్పాలి. అప్పుడు ఆయన ఏం చేశారో, ఎవరికోసం చేశారో అర్థమవుతుంది.

పేజీలో ఈ సంగతులు మాత్రం తప్పకుండా ఉండాలి: పూర్తి పేరు, బస్తీలో పిలిచే పేరు, ఎక్కడినుంచి వచ్చారు, పొట్టకూటికి ఏం చేసేవారు, ఏ పని వల్ల ఎవరికి మేలు జరిగింది, ఎవరెవరు తోడున్నారు, ఈ సంగతులు మీకు ఎవరు చెప్పారు, ఏ నెలలో రాశారు. పొట్టకూటి పని రాయడం ఎందుకంటే, దర్జీ పని చేసుకుంటూ సాయంత్రాలు బస్తీకి ఇచ్చిన మనిషి ఏం వదులుకున్నారో అప్పుడే తెలుస్తుంది.

రాసింది ఇంటివాళ్లకు, మాట్లాడినవాళ్లకు చదివి వినిపించండి. చదవడం రానివాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి కాగితం చేతిలో పెట్టి రావడం సరిపోదు.

ఏడో మెట్టు: గుర్తు ఎలా నిలపాలి

ఇప్పుడు గౌరవం సంగతి. మొదట తేదీ, చోటు ఎంచుకోండి. ఈ రెండూ కుదిరిన జ్ఞాపకం ఎలా నిలుస్తుందో చూడాలంటే ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గరికి వెళ్లండి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు దాని కొమ్మలెక్కి 150 మంది దాకా బతికారని చెబుతారు. సెప్టెంబర్ 28న ఆ చెట్టు కిందే చేరి ఆ వరదను తలుచుకోవడం నగరంలో ఆనవాయితీగా ఉంది. వేదిక కోసం, హాలు కోసం వెతుక్కోనక్కర్లేదు. చెట్టు ఉంది, తేదీ ఉంది. మీ బస్తీలోనూ ఆ మనిషి పని జరిగిన చోటే ఎంచుకోండి, ఆ బోరింగు దగ్గరో ఆ మెట్ల ముందో. తిథి ప్రకారం ఇంటివాళ్లు తద్దినం పెట్టుకుంటారు. నలుగురూ కలవడానికి మాత్రం మారని క్యాలెండర్ తేదీ కావాలి.

సభ పెడితే ఆదివారం సాయంత్రం, పరీక్షలు లేని నెలలో. మైకు ముందు వేదిక మీదివాళ్లకు ఇవ్వకండి. ఇదొక్కటి పాటించినా సభ రూపమే మారిపోతుంది. మేలు పొందినవాళ్లు ఆరుగురు, తలా మూడు నిమిషాలు ముందు మాట్లాడాలి. నాయకులు వస్తే కూర్చుని విని, చివర రెండు మాటలు చెబుతారు. శాలువాలు, బొకేలు వద్దని కార్డు మీదే రాయండి, ఆ డబ్బుతో నోట్‌బుక్కులు తెమ్మనండి. రాత్రి పది దాటితే బయట మైకు వాడకూడదు, కాబట్టి ఎనిమిదిన్నరకల్లా ముగించండి.

విగ్రహం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: వద్దు. ఖర్చు ఎక్కువ, పోలిక రాదు, పదేళ్లకు దాని మీది దుమ్ము తుడిచేవాళ్లుండరు. పైగా రోడ్డు మీద, ఫుట్‌పాత్ మీద, ప్రజలు వాడుకునే స్థలాల్లో విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలను ఆదేశించింది. రోడ్డుకో పార్కుకో పేరు పెట్టించాలంటే కార్పొరేషన్ తీర్మానం కావాలి, దానికి ఓపిక పట్టాలి. అర్జీతో పాటు మీరు రాసిన పేజీ, ఆధారాలు, గల్లీవాళ్ల సంతకాలు జతచేయండి.

గోడ బోర్డు అయితే సులువు. సంఘం సొంత హాలు గోడ మీదనో, ఇంటివాళ్లు ఒప్పుకుంటే వాళ్ల ప్రహరీ మీదనో పెట్టవచ్చు. నలభై మాటలు దాటకూడదు. తెలుగులో, ఉర్దూలో రెండింట్లో ఉంటే మంచిది. రాయించే ముందు ఆ రెండు భాషలూ బాగా వచ్చినవాళ్లతో అక్షరం అక్షరం చదివించండి. రాయి మీద చెక్కిన తప్పును దిద్దలేం. బోర్డు పెట్టించిన వాళ్ల పేర్లు, ఆవిష్కరించిన నాయకుడి పేరు అసలు మనిషి పేరుకంటే పెద్ద అక్షరాల్లో ఉండటం ఈ నగరంలో రోజూ చూస్తాం. పెట్టించినవాళ్ల పేర్లు అసలు వద్దనే నేనంటాను.

అన్నిటికంటే మేలైన గుర్తు, ఆ పనినే కొనసాగించడం. మాడపాటి హనుమంతరావు హైదరాబాద్‌కు తొలి మేయరు. అయినా ఆయన పేరు జనం నోట్లో రోజూ వినిపించేది నారాయణగూడలో ఆయన పేరుతో నడుస్తున్న బాలికల ఉన్నత పాఠశాల వల్ల. ఆడపిల్లలు తెలుగులో చదువుకోవాలని 1928లో మొదలైన బడి అది. మీ సారు లెక్కలు చెప్పి ఉంటే వారానికి రెండు రోజులు అదే చోట లెక్కలు చెప్పే ఇద్దరు కాలేజీ పిల్లలను చూడండి. రాత్రిళ్లు ఆసుపత్రికి తోడెళ్లిన మనిషి అయితే ఏటా ఆ తేదీన రక్తదాన శిబిరం పెట్టండి.

బహుమతి పెడతామంటే ముందు లెక్క వేసుకోండి. లక్ష రూపాయలు పోగై, ఏడాదికి 6.5 శాతం వడ్డీ వస్తుందనుకుంటే చేతికొచ్చేది 6,500. అంటే ఇద్దరు పిల్లలకు పుస్తకాలు, బ్యాగులు. అంతకంటే పెద్ద మాట ఇవ్వకండి. డబ్బు ఒకరి సొంత ఖాతాలో ఉండకూడదు. ఉన్న సంఘం ఖాతా వాడండి, లేదా ఏడుగురు సభ్యులతో సొసైటీ రిజిస్టర్ చేయించుకోండి. ప్రతి సభలో జమాఖర్చులు చదివి వినిపించాలి. చందాల దగ్గర అనుమానం వచ్చిందంటే ఆ మచ్చ పోయిన మనిషి పేరుకు అంటుకుంటుంది, అది మనం చేయగలిగిన అన్యాయాల్లో పెద్దది.

ఎనిమిదో మెట్టు: దాచడం

రికార్డింగులు, స్కాన్లు ఒక్క ఫోనులో ఉంటే ఆ ఫోను పోయిన రోజు అన్నీ పోతాయి. మూడు కాపీలు ఉండాలి: ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి విడి హార్డ్‌డిస్క్‌లో, ఒకటి ఆన్‌లైన్ డ్రైవ్‌లో. హార్డ్‌డిస్క్ వేరే ఇంట్లో ఉంచండి. వాట్సాప్‌లో పంపిన ఫొటోలు కుంచించుకుపోతాయి, కాబట్టి అవి దాచడానికి పనికిరావు. ఫైలు పేరులో తేదీ, మనిషి పేరు, గల్లీ పేరు ఉండాలి.

పేజీలన్నీ కలిపి చిన్న పుస్తకంగా అచ్చువేసి ఇంటింటికీ ఒకటి ఇవ్వండి, బడికి, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి, సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి ఒక్కో కాపీ ఇవ్వండి. తెలుగు వికీపీడియాలో వ్యాసం పెట్టాలని చాలామందికి ఉత్సాహం. 2003లో మొదలైన ఆ విజ్ఞాన సర్వస్వంలో వ్యాసం నిలబడాలంటే ఆ వ్యక్తి గురించి ఇతరులు అచ్చులో రాసిన ఆధారాలుండాలి. ఇంటివాళ్లు రాసిన పొగడ్త తొలగించేస్తారు. దానికంటే మీ బస్తీ పేరుతో ఉన్న వ్యాసాన్ని ఆధారాలతో మెరుగుపరచడం, పాత ఫొటోలను ఇంటివాళ్ల, తీసినవాళ్ల అనుమతితో వికీమీడియా కామన్స్‌లో (వికీపీడియా వ్యాసాలు వాడుకునే ఉచిత ఫొటోల గూడు) పెట్టడం ఎక్కువ ఉపయోగం.

బతికున్నవాళ్ల సంగతి

పైన చెప్పిందంతా పోయినవాళ్ల గురించే అయినా, మీ జాబితాలో సగం మంది ఇంకా బతికే ఉంటారు. వాళ్లతోనే మొదలుపెట్టండి. చెప్పాల్సిన మనిషే ఎదురుగా ఉన్నప్పుడు పక్కవాళ్ల దగ్గర వివరాలు ఏరుకోవడం దేనికి? 'నేనేం చేశాను బిడ్డా, అందరం కలిసి చేసినం' అంటారు. ఆ అందరూ ఎవరో పేర్లు అడగండి, జాబితాకు కొత్త వరసలు వస్తాయి. మీరు రాసిన పేజీని వాళ్లకే చదివి వినిపించి, 'ఇందులో తప్పేముంది?' అని అడగండి. తమ మీద ఎక్కువ రాసిన చోట వాళ్లే ఆపుతారు, తోటివాళ్ల పేరు వదిలేసిన చోట గట్టిగా పట్టుకుంటారు. ఆ దిద్దుబాట్లన్నీ చేసి, రెండోసారి వినిపించాకే ప్రింటుకు ఇవ్వండి.